పాత బండికి పెద్ద ఇంజిన్: డబ్బు పెట్టేముందు వేసుకోవాల్సిన లెక్కలు

పాత జీపు, పాత పికప్ ఉన్న రైతులు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "బాడీ బాగుంది, ఛాసిస్ గట్టిగా ఉంది, ఇంజిన్ మాత్రం ఎక్కడం లేదు. సెకండ్ హ్యాండ్‌లో స్కార్పియో ఇంజిన్ దొరుకుతోంది. వేయించుకుంటే ఇంకో పదేళ్లు తిప్పుకోవచ్చా?" విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పని చేసే మెకానిక్‌లు ఉన్నారు, ఇంజిన్లూ దొరుకుతాయి. రెండు మూడు వారాల్లో బండి చేతికొస్తుంది. పని జరగడం కష్టం కాదు. కష్టమంతా ఆ తర్వాతే ఉంది: కాగితాల్లో, బ్రేకుల్లో, ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ ఆఫీసులో.

ఈ ఆలోచన ఇప్పుడే ఎందుకు పెరిగిందో చూద్దాం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 బండ్లే అమ్ముతున్నారు. వాటిలో పొగను శుద్ధి చేసే సామాను, సెన్సర్లు ఎక్కువ. ఊళ్లో మెకానిక్ స్పానర్‌తో బాగుచేసే రోజులు కావవి. ధరలూ పెరిగాయి. అందుకే మెకానికల్ పంపు ఉన్న పాత బండిని వదులుకోవడానికి చాలామందికి మనసొప్పడం లేదు. ఇంకోవైపు పెద్ద ఇంజిన్ల సరఫరా కూడా పెరిగింది. తుక్కుకు వెళ్లిన బండ్ల నుంచి, ప్రమాదాల్లో నుజ్జయిన బండ్ల నుంచి తీసిన ఇంజిన్లు మార్కెట్‌లో కొత్త ఇంజిన్ ధరలో కొంత భాగానికే దొరుకుతున్నాయి.

అయితే ప్రభుత్వ విధానం సరిగ్గా దీనికి ఎదురు దిశలో నడుస్తోంది. ఇది చాలామంది గమనించని విషయం. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన సొంత వాడకం కారు, జీపు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుమును 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. 2025లో 20 ఏళ్లు దాటిన వాటికి అదే రుసుమును 10,000 చేశారు. రవాణా వాహనాలకు ఏటా తీసుకునే ఫిట్‌నెస్ రుసుములను కూడా 2025 నవంబరులో వయసును బట్టి మళ్లీ పెంచారు. కేంద్రం నిర్ణయించిన ఈ రుసుములు మీ జిల్లాలో ఇప్పుడు ఎంత వసూలు చేస్తున్నారో ఆర్టీఏ ఆఫీసులో ఒకసారి కనుక్కోండి. దీంట్లో కీలకమైన మాట ఒకటే. బండి వయసును మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి లెక్కిస్తారు. ఇంజిన్ మార్చినంత మాత్రాన 18 ఏళ్ల బండి 5 ఏళ్ల బండి కాదు. లక్షలు పోసి వేయించిన ఇంజిన్ కొత్తదైనా, రుసుము పాత బండిదే.

ఢిల్లీ ప్రాంతంలో 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఉన్న ఆంక్షల గురించి విని, అవి ఇక్కడా ఉన్నాయని భయపడేవాళ్లున్నారు. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి నిషేధం లేదు. ఇక్కడ ఫిట్‌నెస్ వస్తే బండి తిరగొచ్చు. కాబట్టి ఆ భయంతో తొందరపడి ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేదు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ఈ విషయం గురించే ఉంది. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు, ఆర్‌సీలో ఉండే వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని దాని సారాంశం. మీ ఆర్‌సీ ఒకసారి తీసి చూడండి. ఇంజిన్ నంబరు, సీసీ, ఇంధనం అన్నీ అందులో ఉంటాయి. 2,523 సీసీ అని రాసి ఉన్నచోట 2,179 సీసీ ఇంజిన్ కూర్చుంటే, పైగా అది ఆ మోడల్‌కు కంపెనీ ఎప్పుడూ ఇవ్వని ఇంజిన్ అయితే, ఆ తేడా వచ్చినట్టే. సీసీ తగ్గింది కదా అంటే కుదరదు. పెరిగినా తగ్గినా తేడా తేడానే.

2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీన్ని ఇంకా బిగించింది. కేరళ నుంచి వచ్చిన కేసు అది. బండిలో మార్పులను అనుమతిస్తూ అక్కడి హైకోర్టు ఇచ్చిన తీర్పును జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల ధర్మాసనం కొట్టేసింది. తయారీదారు చెప్పిన వివరాలకు విరుద్ధంగా మార్పు చేయడం కుదరదని, రాష్ట్రాల నిబంధనలు కేంద్ర చట్టానికి లోబడే ఉండాలని చెప్పింది. అంతకుముందు కొన్ని ఆఫీసుల్లో బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసి సరేనంటే ఆర్‌సీలో మార్పు ఎక్కేది. "మా బావమరిది 2012లో చేయించుకున్నాడు, రాసిచ్చారు" అని ఎవరైనా చెబితే అది అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ రోజులు వేరు.

అదే ఏడాది చట్టానికి సవరణ కూడా వచ్చింది. చట్టం అనుమతించని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ వేయొచ్చని 182ఏ సెక్షన్ చెబుతోంది. ఇక్కడ శిక్ష యజమానికి. ఇంజిన్ అమ్మినవాడు, బిగించినవాడు రసీదు కూడా ఇవ్వకుండా పక్కకు తప్పుకుంటే, మిగిలేది మీరే.

మరి చట్టం ఏ దారీ ఇవ్వలేదా అంటే, ఇచ్చింది. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్‌ను వేసుకోవడం ఒక దారి. పాడైన ఇంజిన్ స్థానంలో అదే ఇంజిన్ ఇంకోటి పెడితే సీసీ మారదు, ఇంధనం మారదు, నంబరు మాత్రం మారుతుంది. దీనికీ రిజిస్టరింగ్ అథారిటీ ఆమోదం కావాలి. కనీసం 10 రవాణా వాహనాలున్న యజమానులకు రాష్ట్ర ప్రభుత్వం ముందస్తు ఆమోదం అక్కర్లేకుండా సడలింపు ఇవ్వొచ్చు. వాళ్లయినా మార్చిన 14 రోజుల్లో తెలియజేసి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ఒకే బండి ఉన్న మీకు ఆ సడలింపు వర్తించదు. ముందు దరఖాస్తు పెట్టి, ఆమోదం వచ్చాకే పని మొదలుపెట్టాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ల రాతపూర్వక సమ్మతి కూడా కావాలి.

ఇంకో దారి ఇంధనం మార్పు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వైపు మళ్లడానికి ఆమోదం పొందిన కిట్లతో మార్పు చేసుకోవడాన్ని 52వ సెక్షన్ స్వయంగా ఒప్పుకుంటుంది. పాత బండి ఇంజిన్ తీసేసి మోటారు, బ్యాటరీ పెట్టే కిట్లు ఈ కోవలోకే వస్తాయి. ఆ కిట్ మీ మోడల్‌కు ఆమోదం పొందినదై ఉండాలి, అధీకృత కేంద్రమే బిగించాలి. పొలం పనికి, దూరం మార్కెట్‌కు ఇది ఎంతవరకు సరిపోతుందన్నది వేరే చర్చ. ప్రస్తుతానికి తెలుసుకోవాల్సింది ఒక్కటే. ప్రభుత్వం ఇంజిన్ మార్పిడిని మొత్తంగా వ్యతిరేకించడం లేదు. కాలుష్యం తగ్గే మార్పుకు తలుపు తెరిచి, శక్తి పెరిగే మార్పుకు మూసింది.

"మేం రోడ్డెక్కం, పొలంలోనే తిప్పుకుంటాం" అనేవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. జనానికి నడిచే హక్కున్న ఏ దారైనా చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే. తారు ఉండాలని లేదు. మీ పొలానికి వెళ్లే డొంక కూడా అందులోకి వస్తుంది.

హెచ్‌పీ చూసి మోసపోకండి

ఇప్పుడు ఇంజిన్ సంగతి. బేరం దగ్గర అందరూ చెప్పేది హెచ్‌పీ. బండి బరువును కదిలించేది మాత్రం టార్క్, అంటే తిప్పే బలం. ఈ రెండింటికీ ఒక సులువైన లెక్క ఉంది. టార్క్‌ను న్యూటన్ మీటర్లలో తీసుకుని, ఆర్‌పీఎంతో గుణించి, 7,000తో భాగిస్తే దాదాపు హెచ్‌పీ వస్తుంది.

మీకు తెలిసిన రెండు ఇంజిన్లను దీంతో పోల్చి చూడండి. మహీంద్రా 575 డీఐ ట్రాక్టర్‌ది 45 హెచ్‌పీ ఇంజిన్, 1,900 ఆర్‌పీఎం దగ్గర. బొలెరో పికప్‌లో వచ్చిన 2,523 సీసీ సీఆర్‌డీఐ ఇంజిన్‌ది 75 హెచ్‌పీ, 3,200 ఆర్‌పీఎం దగ్గర. హెచ్‌పీలో చూస్తే పికప్ ఒకటిన్నర రెట్లకు పైనే. టార్క్ లెక్కేస్తే ఆ వేగాల దగ్గర ట్రాక్టర్‌కు దాదాపు 166, పికప్‌కు దాదాపు 164 న్యూటన్ మీటర్లు. రెండూ సమానం! అయినా బురదలో దిగబడ్డ పికప్‌ను ట్రాక్టర్ కట్టి లాగుతుంది కానీ, ట్రాక్టర్‌ను పికప్ లాగలేదు. ఆ తేడా గేర్లలో, వెనక చక్రంలో, బరువులో ఉంది. ఇంజిన్‌లో కాదు.

కాబట్టి "బండి లాగడం లేదు" అన్నప్పుడు ఎక్కడ లాగడం లేదో ముందు చెప్పుకోండి. హైవే మీద 80 దాటడం లేదంటే అది హెచ్‌పీ కొరత. మిర్చి టిక్కీలు వేసుకుని గట్టు ఎక్కేటప్పుడు ఆగిపోతోందంటే అది తక్కువ ఆర్‌పీఎంలో టార్క్ కొరత, లేదా గేరు సమస్య. రైతుకు సాధారణంగా కావాల్సింది రెండోది. అదే పికప్ ఇంజిన్ గరిష్ఠంగా 200 న్యూటన్ మీటర్లను 1,400 ఆర్‌పీఎం నుంచే ఇస్తుంది. స్కార్పియో 2,179 సీసీ ఎంహాక్ ఇంజిన్ 120 హెచ్‌పీ, 290 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. కానీ ఆ 290 అందేది 1,800 ఆర్‌పీఎం దగ్గర్నుంచి. అంతకు కిందకు టర్బో ఇంకా పూర్తిగా పట్టుకోదు. దిగబడ్డ చక్రాన్ని నెమ్మదిగా బయటకు తీయాల్సిన చోట ఈ ఇంజిన్‌ను రేజ్ చేయాల్సి వస్తుంది. అప్పుడు చక్రం తిరిగి ఇంకా లోతుకు దిగుతుంది, లేదా క్లచ్ కాలుతుంది.

ఇంజిన్ వెనక ఉన్నవన్నీ

ఇంజిన్ ఒక్కటే మారి మిగతావన్నీ పాతవే ఉంటే ఏమవుతుందో లెక్కతోనే చూద్దాం. 200 న్యూటన్ మీటర్లకు సరిపడా చేసిన బండిలో 290 ఇచ్చే ఇంజిన్ పెట్టారనుకోండి. 45 శాతం ఎక్కువ. మొదటి గేరులో గేర్‌బాక్స్ ఈ బలాన్ని సుమారు 4 రెట్లు చేస్తుంది. క్రౌన్ పినియన్ దగ్గర ఇంకో 4 రెట్లు. అంటే ఇంజిన్ దగ్గర పెరిగిన 90 న్యూటన్ మీటర్లు వెనక యాక్సిల్ షాఫ్టుల దగ్గరకు వచ్చేసరికి 1,440 అవుతాయి. కంపెనీ కొంత అదనపు బలం ఉంచే చేస్తుంది, నిజమే. ఆ అదనాన్ని ఇన్నేళ్ల గుంతలు, ఓవర్‌లోడులు ఎప్పుడో తినేశాయి. అందుకే ఇలాంటి బండ్లలో ముందు క్లచ్ ప్లేటు, తర్వాత జాయింట్ క్రాసులు, ఆ తర్వాత క్రౌన్ పినియన్ వరసగా పోతుంటాయి. యాక్సిల్ షాఫ్ట్ విరిగితే మాత్రం బండి ఎక్కడ ఆగుతుందో, ఎలా ఆగుతుందో చెప్పలేం.

బ్రేకుల సంగతి ఇంకా ముఖ్యం, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. వేగం ఒకటిన్నర రెట్లు అయితే బండిని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు అవుతుంది. 40లో వెళ్లే లోడు బండి 60లో వెళ్లడం మొదలుపెడితే అవే డ్రమ్ములు, అవే లైనర్లు ఆ పని చేయాలి. పాడేరు ఘాట్ లోనో శ్రీశైలం ఘాట్ లోనో దిగేటప్పుడు ఇది ఇంకా కనిపిస్తుంది. పాత పెద్ద సీసీ ఇంజిన్ యాక్సిలరేటర్ వదిలితే రెండో గేరులో బండిని కొంత పట్టి ఉంచేది. తక్కువ సీసీతో టర్బో మీద బలం తెచ్చుకునే ఇంజిన్‌కు ఎక్కేటప్పుడున్న బలం దిగేటప్పుడు ఉండదు. మీ కాలు బ్రేకు మీదే ఉంటుంది, డ్రమ్ములు వేడెక్కుతాయి, వేడెక్కిన లైనర్లు పట్టు వదిలేస్తాయి. మీకు ఘాట్ రోడ్డు మీద పని ఉంటే ఈ ఒక్క కారణం చాలు, ఆలోచన మానుకోవడానికి.

వేడి గురించి కూడా ఒక మాట. డీజిల్‌లోని శక్తిలో మూడో వంతు, కాస్త అటూ ఇటూగా, పనిగా మారుతుంది. మిగతాది పొగగొట్టం గుండా, రేడియేటర్ గుండా పోవాలి. ఎక్కువ హెచ్‌పీ వాడుకుంటే ఎక్కువ వేడి. పాత రేడియేటర్, పాత ఫ్యాన్ ఉంచి పెద్ద ఇంజిన్ పెట్టిన బండి డిసెంబరులో బాగానే తిరుగుతుంది. మే నెలలో మామిడి లోడుతో హెడ్ గాస్కెట్ పోతుంది.

సీఆర్‌డీఐ ఇంజిన్ అయితే ఇంజిన్ ఒక్కటే కొంటే పనికిరాదు. దాని కంప్యూటర్, పూర్తి వైరింగ్, యాక్సిలరేటర్ పెడల్, సెన్సర్లు, ఇంటర్‌కూలర్, చాలా మోడళ్లకు ఆ బండి తాళం చెవి కూడా కావాలి. ఇవన్నీ ఒకే బండివై ఉండాలి. ఒకటి తగ్గినా ఇంజిన్ స్టార్ట్ కాదు, లేదా సగం బలంతో నడుస్తుంది. క్యాన్లలో తెచ్చి పోసే డీజిల్‌లో నీటి చుక్క ఉన్నా పాత పంపు ఓర్చుకునేది. ఈ ఇంజెక్టర్లు ఓర్చుకోవు. పశువుల పాకలో బండి పెట్టేవాళ్లు ఎలుకల గురించి కూడా ఆలోచించాలి. నవ్వొచ్చే మాటే అయినా, కొరికిన ఒక్క వైరు కోసం బండిని 60 కిలోమీటర్లు కట్టి లాక్కెళ్లాల్సి వస్తుంది.

బలం పెరిగితే లోడు పెరగదు

ఇది విడిగా చెప్పుకోవాల్సిన విషయం. పెద్ద ఇంజిన్ వేయించేవాళ్లలో చాలామంది మనసులో ఉండేది ఇంకో పది బస్తాలు వేయొచ్చని. బండి ఎంత మోయాలో నిర్ణయించేది కమాన్ పట్టీలు, యాక్సిల్, టైర్లు, బ్రేకులు. ఇంజిన్ కాదు. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు మారదు. ఓవర్‌లోడుకు కనీస జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనంగా ఉన్న ఒక్కో టన్నుకు 2,000. లోడు దింపేదాకా బండి కదలనివ్వరు. టమాటా లోడుతో మదనపల్లె వెళ్తూ దారిలో అలా ఆగితే జరిమానా కంటే సరుకు నష్టమే పెద్దది.

గూడ్స్ బండి వెనక కూలీలను ఎక్కించుకోవడం మన దగ్గర రోజూ చూసేదే. వాళ్లకు ఇన్సూరెన్స్ వర్తించదు. సరుకు యజమాని గానీ అతని మనిషి గానీ సరుకుతోపాటు వెళ్తే వేరు, కూలికి వెళ్లేవాళ్లు వేరు. పాత ఇంజిన్ ఉన్నప్పుడూ ఇది తప్పే. కానీ అప్పుడు బండి 40లో పోయేది. ఇప్పుడు వెనక పదిహేను మందితో 70లో పోతుంది, అవే బ్రేకులతో.

ప్రమాదం జరిగిన రోజు

సరిగ్గా ఇక్కడే చిన్న రైతు పొలం పోగొట్టుకునే పరిస్థితి వస్తుంది. మామూలు రోజుల్లో ఎవరూ బానెట్ ఎత్తి ఇంజిన్ నంబరు చూడరు. అందుకే "మా ఊళ్లో నలుగురు తిప్పుతున్నారు, ఎవరేమన్నారు?" అనే ధైర్యం వస్తుంది. ప్రమాదం జరిగితే మాత్రం మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు బండిని తనిఖీ చేసి నివేదిక రాస్తారు. ఇన్సూరెన్స్ సర్వేయరు వేరుగా చూస్తారు. ఆర్‌సీలో ఒక నంబరు, బండి మీద ఒక నంబరు ఉంటే అది మొదటి పేజీలోనే వస్తుంది.

మీ బండికి జరిగిన నష్టం కింద క్లెయిమ్ తిరస్కరించడానికి ఆ ఒక్క తేడా కంపెనీకి బలమైన ఆధారం. అవతలి మనిషి చనిపోతేనో, కాలు పోతేనో విషయం ఇంకా పెద్దది. బాధితుడికి అన్యాయం జరగకూడదని కోర్టు ముందు కంపెనీనే కట్టమని, తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోమని చెప్పే సందర్భాలున్నాయి. సంపాదించే మనిషి చనిపోయిన కేసుల్లో పరిహారం లక్షల్లో ఉంటుంది. కంపెనీ ఆ మొత్తాన్ని మీ నుంచి రాబట్టుకోవాలంటే మీ దగ్గర ఉన్నదేమిటి? రెండెకరాలు, ఇల్లు. ఇంజిన్ మార్చిన ఖర్చులో ఈ అంకెను ఏ మెకానిక్కూ కలిపి చెప్పడు.

ఇంజిన్ ఎక్కడిదన్నది కూడా చూసుకోవాలి. దొంగిలించిన బండ్లను విడదీసి అమ్మేవాళ్లున్నారు. ఇంజిన్ మీది నంబరు గీకి ఉన్నా, మళ్లీ పంచ్ చేసినట్టు అనుమానం ఉన్నా తాకొద్దు. అది ఏ బండిదో ఆ బండి ఆర్‌సీ నకలు, అమ్మినవాడి పేరు, జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు, బిల్లు మీద ఇంజిన్ నంబరు ఉండాలి. అదే రకం ఇంజిన్ చట్టబద్ధంగా మార్చుకుంటున్నా ఈ కాగితాలు లేకుండా ఆర్టీఏ ఆఫీసులో పని జరగదు.

అయితే ఏం చేయాలి?

ముందు ఉన్న ఇంజిన్‌కు ఏమైందో తెలుసుకోండి. లాగడం లేదని వచ్చే బండ్లన్నిటికీ ఇంజిన్ చిన్నదై కాదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, టర్బో గొట్టం చిట్లి గాలి పోతుండొచ్చు, క్లచ్ జారుతుండొచ్చు, బ్రేకు లైనర్లు డ్రమ్ముకు రాసుకుంటుండొచ్చు. బండిని చదునుగా ఉన్నచోట న్యూట్రల్‌లో పెట్టి తోసి చూడండి. ఇద్దరు తోస్తే కదలాల్సిన బండి నలుగురు తోసినా మొండికేస్తే తప్పు ఇంజిన్‌ది కాదు. పొగ కూడా చెబుతుంది. నల్ల పొగ వస్తే గాలి తక్కువ లేదా డీజిల్ ఎక్కువ. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే డీజిల్ సరిగా మండడం లేదు, లేదా కూలెంట్ లోపలికి వస్తోంది. పంపు, నాజిళ్లు టెస్టింగ్ బెంచ్ మీద పెట్టి సెట్ చేయించి, కంప్రెషన్ చూపించడానికి అయ్యే ఖర్చు ఇంజిన్ మార్పిడి ఖర్చు ముందు చాలా చిన్నది. ఈ పని చేయించకుండా ఇంజిన్ మార్చమని చెప్పే మెకానిక్ దగ్గరికి రెండోసారి వెళ్లకండి.

కంప్రెషన్ పోయిందని తేలితే స్లీవ్‌లు, పిస్టన్లు, బేరింగులు మార్చి ఇంజిన్ పని చేయించడం, లేదా అదే రకం ఇంజిన్ బిల్లుతో కొని ముందుగా ఆమోదం తీసుకుని వేయించడం మంచిది. కొత్తప్పుడు ఆ బండికి ఎంత బలం ఉండేదో అంతా తిరిగి వస్తుంది. పదిహేనేళ్లుగా నెమ్మదిగా తగ్గుతూ వచ్చిన బలానికి అలవాటుపడినవాళ్లకు అది కొత్త బండిలా అనిపిస్తుంది. దీనికి అయ్యే ఖర్చులో లేబరు ఎంత, సామాను ఎంత అని విడివిడిగా రాయించుకోండి. క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ లాంటి లేత్ పని మొదట్లో చెప్పరు, తర్వాత కలుపుతారు.

అప్పటికీ సరిపోదంటే మీ అవసరం లెక్క వేయండి. ఏడాదిలో ఎన్ని రోజులు పెద్ద లోడు ఉంటుంది? మిర్చి కోతల్లో పది ట్రిప్పులు, ఎరువులకు నాలుగు, వడ్లకు ఐదు అనుకుందాం. ఆ 19 ట్రిప్పులకు కిరాయి బండి పెడితే ఎంతవుతుంది? ఇంజిన్ మార్పిడికి పెట్టే డబ్బుకు ఏడాదికి వడ్డీ ఎంత? రెండూ పక్కపక్కన రాస్తే చాలాసార్లు కిరాయే చవకగా తేలుతుంది. మిగతా రోజుల్లో పాలక్యాన్లకు, విత్తనాలకు, కూరగాయల బుట్టలకు మీ పాత బండి ఇప్పుడున్న ఇంజిన్‌తోనే సరిపోతుంది.

ఏడాది పొడవునా లోడు ఉన్నవాళ్లది వేరే సంగతి. వాళ్లకు బండి మార్చడమే దారి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18కి తగ్గించారు. పన్నుతో కలిపి 10 లక్షలుండే బండి, కంపెనీ అసలు ధర మార్చకపోతే, దాదాపు 9 లక్షల 22 వేలకు రావాలి. ఆ 78 వేల తేడా, పాత బండిని అమ్మితే వచ్చేది, ఇంజిన్ మార్పిడికి పెట్టాలనుకున్న సొమ్ము, ఈ మూడూ కలిపితే కొత్త బండికి కాకపోయినా ఐదారేళ్ల పికప్‌కు సరిపోవచ్చు. దాని ఆర్‌సీలో ఉన్న ఇంజినే దానిలో ఉంటుంది. కొనేటప్పుడు బానెట్ ఎత్తి ఆ నంబరు మీరే చదివి పోల్చుకోండి, ఎందుకంటే ఇంజిన్ మార్చిన బండ్లు కూడా చివరికి ఇదే సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వస్తాయి. మీ పాత బండి ఫిట్‌నెస్‌కు కూడా రానంత చెడితే గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రంలో ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోండి. దాంతో కొత్త బండి వాహన పన్నులో సొంత వాడకానికి 25 శాతం వరకు, రవాణా బండికి 15 శాతం వరకు రాయితీ ఇవ్వడానికి కేంద్ర నిబంధనలు వీలు కల్పించాయి. మీ రాష్ట్రంలో ఎంత ఇస్తున్నారో ఆర్టీఏలో అడగాలి.

ఇప్పటికే పెద్ద ఇంజిన్ వేయించి తిప్పుతున్నవాళ్లు ఈ వ్యాసం చదివి ఊరుకుంటే లాభం లేదు. తీసిన పాత ఇంజిన్ షెడ్డు మూలన ఉందా, తుక్కుకు అమ్మేశారా అన్నది మొదటి ప్రశ్న. ఉంటే దాన్ని బాగుచేయించి తిరిగి బిగించండి, ఇప్పుడున్నదాన్ని బిల్లుతో అమ్మేయండి. లేకపోతే అదే రకం ఇంజిన్ వెతికి, ఆర్టీఏలో దరఖాస్తు పెట్టి మార్చుకోండి. ఈలోపు ఆ బండిని లోడుతో రోడ్డెక్కించొద్దు, వెనక మనుషులను అసలే ఎక్కించొద్దు. వచ్చే ఫిట్‌నెస్ తేదీ ఎప్పుడో ఆర్‌సీలో చూసి, దానికి కనీసం రెండు నెలల ముందే ఈ పని మొదలుపెట్టండి. ఫిట్‌నెస్ పరీక్షలు యంత్రాలతో చేసే కేంద్రాలకు ఒక్కో జిల్లాగా మారుతున్నాయి. చూసీ చూడనట్టు వదిలేసే అవకాశం అక్కడ తక్కువ.